చార్లెస్ ఫిలిప్పు బ్రౌను దొరగారు : మాటల పుట్టుపూర్వోత్తరములు

మాటలతో ఆడుకొనుట తెలుగువారికి క్రొత్త కాదు. వికటకవి యను మాటను ఎటునుండి చదివినను వికటకవియే యగునని చిన్నతరగతి పిల్లవాడు సైతము ఎఱుగును. పింగళి సూరన మహాకవి ఒకే కావ్యమున రామకథను భారతకథను ఇమిడ్చి రాఘవపాండవీయమును రచించెను. ఆ కవియే తన కళాపూర్ణోదయమును మన నంద్యాల నేలిన కృష్ణమరాజునకు అంకిత మొసంగెను. మన బాలబాలికలును విరామ సమయమున అక్షరములను తాఱుమాఱు చేసి క్రొత్త మాటలను పుట్టించి సంతసించుచుందురు. కడప యను మూడక్షరములను వెనుకనుండి చదివిన పడక యగును. కలపను అట్లే చదివిన పలక యగును. కలమ, కమల యను రెండు మాటలకును అక్షరము లవియే. వరుస మాత్రమే వేఱు.

ఈ యాట బుద్ధికి పదును పెట్టును. కాని యిందొక ప్రమాదమును కలదు. పూర్వకాలమున పలకలను కొయ్యతోనే చేయుచుండిరి గదా, కావున కలప తిరుగబడి పలక యైనదని యెవరైన చెప్పినచో, వినువారికి అది నిజమే యని తోచును. నిజమట్లు గాదు. పలక యను మాట సంస్కృతమునందలి ఫలక శబ్దమునుండి వచ్చిన తద్భవము. దానికి కలపతో నెట్టి చుట్టఱికమును లేదు. మొగము చూచి యిద్దఱు మనుష్యులను అన్నదమ్ములని చెప్పుట యెంత తొందరపాటో, అక్షరములు చూచి రెండు మాటలను బంధువులని చెప్పుటయు అంతియే తొందరపాటు. మనుష్యుని వంశమును తెలిసికొనవలెనన్న వాని ఊరికి పోయి, ఇరుగుపొరుగువారిని అడుగవలెను. మాటకును అదియే మార్గము. ఈ మార్గమును తన జీవితమంతయు విడువక నడచి, అందు గొప్ప భాగమును మన కడప పట్టణముననే నడచిన మహనీయుడు చార్లెస్ ఫిలిప్పు బ్రౌను దొరగారు. వారి చరిత్రమును ఈ సంచికయందు మన చదువరుల ముందుంచుచున్నాము.

బ్రౌనుగారు 1798వ సంవత్సరము నవంబరు 10వ తేదీన కలకత్తా నగరమున జన్మించిరి. వీరి తండ్రి డేవిడ్ బ్రౌనుగారు క్రైస్తవ బోధకులు. వారు 1786లో కలకత్తాకు వచ్చి, అక్కడ అనాథ బాలుర శరణాలయమున సేవచేసి, పిమ్మట 1800లో స్థాపింపబడిన ఫోర్టు విలియము కళాశాలకు ప్రధానాధికారి యైరి. ఆ కళాశాలయందే విలియం కేరీగారు వంగభాషను సంస్కృతమును బోధించుచుండిరి. దేశభాషలలోనికి బైబిలును మార్చు ప్రయత్నములు ఆ కాలముననే కలకత్తాలోను, సమీపముననున్న శ్రీరామపురమందును ముమ్మరముగ సాగుచుండెను. డేవిడ్ బ్రౌనుగారు స్వయముగా బహుభాషావేత్తలు. తండ్రి యింటికి వచ్చిపోవు పండితులను, మునిషీలను, బోధకులను చూచుచు పెరిగిన బాలునకు, ఒకే వస్తువునకు అనేక భాషలలో అనేక నామములుండునను సంగతి తల్లిపాలతోనే అబ్బినదని చెప్పవచ్చును.

డేవిడ్ బ్రౌనుగారు కలకత్తాకు వచ్చిన 1786వ సంవత్సరముననే, ఆ నగరమందే, సర్ విలియం జోన్సుగారు ఒక గొప్ప విషయమును లోకమునకు ప్రకటించిరి. సంస్కృతము, గ్రీకు, లాటిను భాషల నడుమ గల పోలికలు కాకతాళీయములు కావనియు, అవి యొకే మూలమునుండి పుట్టియుండవలెననియు వారి యభిప్రాయము. సంస్కృతమున పితృ శబ్దము, లాటినున పాతెర్, ఇంగ్లీషున ఫాదర్ అనునవి యీ కుటుంబమునకు చక్కని గుఱుతులు. మన గ్రామములలో వృద్ధులు క్రైస్తవ గురువును పాదిరి యని పిలిచెడివారు. ఆ మాట పోర్చుగీసువారి పాద్రే నుండి వచ్చినది; పాద్రే యన్నను తండ్రియే. ఈ విధముగ పితృ శబ్దమును పాదిరి శబ్దమును ఎన్నడో విడిపోయిన దాయాదులు. ఒకటి సంస్కృతము వెంట ఈ దేశమునకు వచ్చెను. మఱియొకటి పోర్చుగీసు ఓడలలో నెక్కి వచ్చెను.

మఱి మన తండ్రి యను మాట సంగతి యేమి? అది యీ కుటుంబమునకు చెందినది కాదు. అరవమున తందై, కన్నడమున తందె, తెలుగున తండ్రి. ఇది వేఱొక యిల్లు. దక్షిణదేశ భాషలు సంస్కృతమునుండి పుట్టినవి కావనియు, వానిది ప్రత్యేక కుటుంబమనియు 1816లో మద్రాసునందలి ఫ్రాన్సిస్ వైట్ ఎల్లిసుగారు నిరూపించిరి. ఏ.డి. క్యాంబెలుగారి తెలుగు వ్యాకరణమునకు వారు వ్రాసిన ముందుమాటయందు ఈ నిరూపణము కలదు. అందులకు మచిలీపట్టణ వాస్తవ్యుడును ఆంధ్రదీపిక యను నిఘంటువును కూర్చినవాడు నగు మామిడి వెంకయ్యగారి రచన తోడ్పడెను. తరువాత నలువది యేండ్లకు, 1856లో, తిరునల్వేలి మిషనునందలి కాల్డ్వెలుగారు ఈ విషయమును పెద్ద గ్రంథముగ విస్తరించిరి.

1812లో తండ్రి పరమపదించగా బ్రౌను కుటుంబము ఇంగ్లాండునకు వెడలిపోయెను. బాలుడు హెయిలీబరీ కళాశాలలో చదివి, కంపెనీవారి కొలువున కుదిరి, 1817 ఆగస్టు 4వ తేదీన మద్రాసు రేవున దిగెను. అప్పటికి ఆయనకు తెలుగు ఒక్క యక్షరమైన రాదు. ఫోర్టు సెంటు జార్జి కళాశాలలో వెలగపూడి కోదండరామ పంతులుగారి యొద్ద అక్షరాభ్యాసము చేసి, 1820లో పరీక్ష నిచ్చెను. ఆ సంవత్సరమే సర్ తామస్ మన్రోగారు మద్రాసునకు గవర్నరు లైరి. ప్రజల భాష తెలియని యధికారి ప్రజలకు న్యాయము చేయలేడని మన్రోగారి దృఢమైన నమ్మకము. వారి హితవు ఈ యువకుని హృదయమున నాటుకొనెను.

మన్రోగారు మన సీమకు పరాయివారు కారు. 1800లో నిజాము ప్రభువు కంపెనీకి ఇచ్చివేసిన దత్త మండలములకు వారు మొదటి ప్రధాన కలెక్టరు. ఆ మండలములకే 1928లో నంద్యాలయందు జరిగిన సభలో రాయలసీమ యను గౌరవనామము లభించెను. గవర్నరు పదవియందుండగనే 1827లో మన్రోగారు మన కర్నూలు మండలమునందలి పత్తికొండలో విషూచి సోకి మరణించిరి.

1820 ఆగస్టులో బ్రౌనుగారు కడపకు వచ్చి కలెక్టరు హాన్‌బరీ గారి క్రింద సహాయోద్యోగిగ చేరిరి. కచేరిలో అడుగుపెట్టిన తోడనే ఆయనకు ఒక చిక్కు ఎదురయ్యెను. మద్రాసులో చదివిన పుస్తకముల తెలుగు ఒకటి, కడప కచేరిలో వినవచ్చు తెలుగు వేఱొకటి. విజయనగర రాజుల యనంతరము నవాబుల యేలుబడిలో చిరకాలమున్న సీమ యిది. కర్నూలు అప్పటికింకను నవాబు చేతిలోనే యుండెను. 1839 వఱకు అట్లేయుండెను. అందుచేత కాపు తన గోడు చెప్పుకొను నాలుగు మాటలలో ఒకటి తెలుగు, ఒకటి సంస్కృతము, ఒకటి పారసీకము, మఱియొకటి అరబ్బీ యై యుండెను. అర్జీ, వకీలు, ఫిర్యాదు, జామీను, బాకీ, తారీఖు, రాజీనామా యనునవి లేక కచేరిలో పని జరుగదు. ఆ మాటలు ఏ తెలుగు నిఘంటువునందును లేవు. పండితు లవి మ్లేచ్ఛ శబ్దములని త్రోసివేయుచుండిరి. తుర్కమునిషీలు వానిని తెలుగువారు చెడగొట్టిరని ఆక్షేపించుచుండిరి. ఇరువురును విడిచిన ఆ బిడ్డలను బ్రౌనుగారు చేరదీసిరి.

ఈ మాటలలో కొన్నిటి వంశవృక్షమును మన విద్యార్థులు తెలిసికొనుట మేలు. జిల్లా యను మాటకు అరబ్బీలో ప్రక్కటెముక యని మొదటి యర్థము. దానినుండి ప్రక్క, భాగము అను నర్థములు వచ్చి, తుదకు దేశములో నొక భాగమునకు పేరయ్యెను. తాలూకా యన్న సంబంధించినది. మునసబు అరబ్బీ మున్సిఫ్ నుండి వచ్చినది. అనగా సమముగ పంచి న్యాయము చెప్పువాడు. కలము యొక్క ప్రయాణము మఱింత విచిత్రము. గ్రీకు భాషలో కలమోస్ అనగా రెల్లుపుల్ల. ఆ పుల్లను చెక్కి వ్రాయుచుండిరి గనుక అది వ్రాతపనిముట్టునకును పేరయ్యెను. యోహాను వ్రాసిన మూడవ పత్రికయొక్క గ్రీకు మూలమున సిరాతోపాటు ప్రస్తావింపబడిన కలము ఇదియే. అదే మాట అరబ్బీలో కలమ్ అయి, పారసీకము మీదుగ మన పల్లెటూరి కరణముగారి చెవిమీదికి ఎక్కెను. అక్షరములన్నియు ఒక్కటే యైనను కమలమునకు దీనితో నెట్టి సంబంధమును లేదు. వేలకొలది మైళ్ల దూరమున నున్న గ్రీకుమాటయే దీనికి అసలైన బంధువు.

ఇక రైతు. వాన మొగము చూచి బ్రదుకు మన సీమలో ఇంతకంటె ముఖ్యమైన మాట మఱి యేమి కలదు? ఇది అరబ్బీ రయ్యత్ నుండి వచ్చినది. దాని ధాతువునకు మేపుట, కాచుట అని యర్థము. రయ్యత్ అనగా కాపరి కాచుకొను మంద. దానినుండి ప్రభువు కాచుకొనవలసిన ప్రజ యను నర్థము వచ్చెను. అరబ్బీకి తోబుట్టువగు హెబ్రీ భాషలో కాపరిని రోయె యందురు. అదియు ఆ ధాతువునకు చెందినదే. ఇరువదిమూడవ కీర్తనయందు దావీదు తన దేవుని ఈ మాటతోనే పేర్కొనెను. మన్రోగారు ప్రవేశపెట్టిన రైతువారీ పద్ధతిలోని రైతును, కీర్తనలోని కాపరియు ఒకే ధాతువు బిడ్డలని తెలిసిన యెడల, పాలకుడు ప్రజకు ఏమి బాకీపడియున్నాడో వేఱుగ చెప్పనక్కఱలేదు. ఒక్క మాట యొక్క పుట్టుక తెలిసికొనుటవలన ఇంత ధర్మము తెలియును.

1821లోనే బ్రౌనుగారు కడపలో పేదబాలుర కొఱకు ఉచిత పాఠశాలలను స్థాపించిరి. తరువాత మచిలీపట్టణమందును అట్లే చేసిరి. 1822లో మచిలీపట్టణమునకు మాఱిరి. అబ్బే డుబాయి యను ఫ్రెంచి గురువు వ్రాసిన గ్రంథమున వేమనను గుఱించిన ప్రస్తావన వారి కంటబడెను. వెంటనే 1824లో వేమన పద్యములను సేకరింప దొరకొనిరి. ఆ కాలమున పండితులలో పెక్కురు వేమనను కవియని ఒప్పుకొనుటయే లేదు. అయినను మన సీమలో గొఱ్ఱెల కాపరి మొదలు కోమటి వఱకు వేమన పద్యము రాని నోరు లేదు. పండితులు కాదన్నదానిని ప్రజలు కాపాడిరి. బ్రౌనుగారు చినిగిన తాళపత్రములను తెప్పించి, ప్రతికి ప్రతిని సరిచూచి, 693 పద్యములను ఇంగ్లీషు అనువాదముతో 1829లో అచ్చువేయించిరి.

ఇంతలో 1826లో తిరిగి కడపకు వచ్చిరి. ఈ పర్యాయము ఒక పెద్ద బంగళాను తోటతో కూడ కొని, అందు పండితులను లేఖకులను కూర్చుండబెట్టి, తమ సొంత జీతములోనుండి వారికి వేతనము లిచ్చుచు, గ్రంథముల పనిని సాగించిరి. అయోధ్యాపురము కృష్ణారెడ్డిగారు ఈ పనికంతకు పైవిచారణ చేయుచుండిరి. ప్రజలు ఆ బంగళాను బ్రౌను కాలేజీ యని పిలిచిరి. ఒక కావ్యమునకు దొరకినన్ని ప్రతులను తెప్పించుట, వానిని ప్రక్కప్రక్కన పెట్టి భేదములను గుర్తించుట, పండితులు చర్చించి నిశ్చయించిన పాఠమును శుద్ధప్రతిగ వ్రాయించుట, అందలి మాటలను అకారాదిగ పట్టికలకెక్కించుట, ఇది అక్కడి నిత్యకృత్యము. ఈ పనికై వారు అప్పులపాలైరి. కొలువులో నున్న దొరకు అప్పు అపకీర్తి తెచ్చునని తెలిసియు మానలేదు. మన సాహిత్యము తాటియాకులలో చెదలుపట్టి నశించుచున్నదని వారికి కలిగిన వేదన అట్టిది.

మాటయొక్క సత్యమును గుఱించి వారికి గల పట్టుదలకు ఒక దృష్టాంతమును చెప్పెదము. 1832-33లో గుంటూరు సీమలో ఘోరమైన కరవు సంభవించెను. నందన సంవత్సరమున వచ్చుటచే దానిని నందన కరవని నేటికిని చెప్పుకొందురు. జనులు వేలకొలదిగ ఆకలిచే మరణించుచుండగా, ప్రభుత్వము దానిని కరవని యొప్పుకొనుటకు ఇష్టపడక, కొఱత యను మెత్తని మాటను వాడగోరెను. ఆ ప్రాంతమున ఉద్యోగముననున్న బ్రౌనుగారు మాత్రము దానిని కరవనియే వ్రాసిరి. మాట చిన్నదే, కాని కొఱత యన్న ఎదురుచూడుమని యర్థము, కరవన్న అన్నము పెట్టుమని యర్థము. వారి నడవడి పై యధికారులకు రుచింపలేదు. 1834లో బ్రౌనుగారు ఉద్యోగము కోల్పోయి ఇంగ్లాండునకు మరలిపోవలసి వచ్చెను. మాటల యర్థములను వెదకుట పనిలేనివారి వేడుక యని తలచువారు ఈ సంగతిని ఒకింత యాలోచింతురు గాక.

లండనులో నున్న కాలమును వారు వ్యర్థపుచ్చలేదు. అక్కడి ఇండియా హౌసు గ్రంథాలయమున దక్షిణదేశ భాషల వ్రాతప్రతులు రెండువేలకు పైగా చదువువారు లేక పడియుండెను. బ్రౌనుగారు వానికి పట్టికలు వ్రాసి, అవి మద్రాసునకు తిరిగి చేరుటకు కారకు లైరి. పిమ్మట మరల కంపెనీ కొలువున చేరి 1838 నాటికి మద్రాసులో పారసీక భాషాంతరీకర్తగ నియుక్తులైరి. కాలక్రమమున పోస్టుమాస్టరు జనరలుగను ప్రభుత్వమువారి తెలుగు భాషాంతరీకర్తగను పనిచేసిరి. 1840లో వారి తెలుగు వ్యాకరణము వెలువడెను. జూలూరి అప్పయ్య పండితునిచే వ్యాఖ్య వ్రాయించి 1851లో మనుచరిత్రమును ప్రకటించిరి.

వారి జీవితమున కెల్ల కిరీటమనదగిన తెలుగు-ఇంగ్లీషు నిఘంటువు 1852లో మద్రాసునందలి క్రైస్తవ విజ్ఞాన సంఘమువారి ముద్రాక్షరశాలలో అచ్చయ్యెను. మిషను అచ్చుకూటములకు మన భాష ఎంత ఋణపడియున్నదో చెప్పుట కిదియొక్కటి చాలును. ఈ నిఘంటువునందు కావ్యములలోని మాటలతోపాటు వీధిలోని మాటలకును పీట వేయబడెను. పెద్దన ప్రయోగించిన సమాసమును, సంతలో బేరగాడు పలుకు పలుకును ఒకే పుటలో ఇరుగుపొరుగున కూర్చున్నవి. అంతటితో తృప్తి చెందక, తెలుగున కలిసిపోయిన పారసీక, అరబ్బీ, హిందూస్థానీ, ఇంగ్లీషు, పోర్చుగీసు మాటలకు ప్రత్యేకముగ ఒక మిశ్రభాషా నిఘంటువును కూర్చి 1854లో ప్రకటించిరి. ముప్పదినాలుగేండ్ల క్రితము కడప కచేరిలో చెవినిబడిన చిక్కునకు ఇది వారి సమాధానము.

మన మితరులవద్ద అప్పు తెచ్చుకొనుటయే కాని యిచ్చుట లేదని యెవరును చిన్నబోవలదు. తెలుగు మాటలును సముద్రములు దాటినవి. మన పందికొక్కు ఇంగ్లీషువారి నోట బాండికూటు అయ్యెను. ఆ పేరునే వారు ఆస్ట్రేలియా ఖండమున కనబడిన వేఱొక జంతువునకును పెట్టిరి. ఆ జంతువు ఎలుక జాతి కాదు. కంగారువలె సంచియందు పిల్లను మోయునట్టిది. అట్లు మన పొలముల పాడుచేయు పందికొక్కు పేరు భూగోళపు మఱియొక కొనను వేఱొకరికి అంటుకొనెను. మన గిడ్డంగియు మలయా దేశపు గుదాంగును ఇంగ్లీషు గొడౌనును ఒకే కుటుంబమువని పండితుల యభిప్రాయము. నారింజ మాట యిట్టిదే. దక్షిణదేశ భాషలలో పుట్టినదని పలువురు తలచు ఈ మాట సంస్కృతమున నారంగమై, పారసీకమున నారంగ్ అయి, అరబ్బులచే స్పెయిను దేశమునకు చేరి, ఫ్రాన్సులో మొదటి నకారమును పోగొట్టుకొని, ఇంగ్లీషున ఆరంజి యైనది. ఇక మన కడప సీమలో బత్తాయిని చీనీకాయ యందుము. ఆ చీనీ యనునది చీనాదేశమును జ్ఞప్తికి తెచ్చుచున్నది. ఒక్క పండ్లబుట్టలో ఇన్ని దేశములు కలవు.

మన ఊళ్ల పేళ్లను సైతము ఈ దృష్టితోనే చూడవలెను. కడప యన్నది తిరుమలకు గడప యని పెద్దల మాట. దేవుని కడప యను పేరును ఇందులకు అనుకూలించును. కర్నూలునకు పూర్వనామము కందనవోలు. ఆలంపురపు ఆలయములకు రాళ్లు మోయు బండ్లు తుంగభద్ర దాటుటకు ముందు ఇచ్చట చక్రములకు కందెన వేసికొనుచుండెననియు, దానినుండి ఈ పేరు వచ్చెననియు ఐతిహ్యము. తుది భాగమగు వోలు మాత్రము ఐతిహ్యము కాదు; పట్టణమను నర్థముగల ప్రోలు శబ్దమే సమాసమున అట్లు మాఱినది. ఏది చెప్పుకొను కథ, ఏది నిరూపితమైన సంగతి యని వేఱుచేసి చూపుటయే భాషాశాస్త్రము నేర్పు మొదటి పాఠము.

ముప్పదియెనిమిదేండ్లు కొలువుచేసి, ఆరోగ్యము చెడి, 1855లో బ్రౌనుగారు పదవిని విడిచి లండను చేరిరి. అక్కడను తెలుగును విడువలేదు. లండను విశ్వవిద్యాలయ కళాశాలలో తెలుగు ఆచార్యులుగ నుండిరి. వారు వివాహమాడలేదు, పుస్తకములే వారి సంతానము. 1884 డిసెంబరు 12వ తేదీన ఎనుబదియాఱవ యేట స్వర్గస్థు లైరి. కెన్సల్ గ్రీను శ్మశానవాటికలో వారి సమాధి కలదు.

వారు చేసినదంతయు దోషరహితమని మేము చెప్పుట లేదు. ఒంటిచేతి మీద ఇంత పని చేసినవారికి పొరపాట్లు తప్పవు. వారి నిఘంటువును 1903లో కందుకూరి వీరేశలింగము పంతులుగారు, ఎం. వెంకటరత్నముగారు, లండను మిషనువారగు డబ్ల్యు. హెచ్. క్యాంబెలుగారు కలిసి సంస్కరించి మరల ముద్రింపించిరి. ఒక హిందూ సంస్కర్తయు ఒక మిషనరీయు ఒకే బల్లకడ కూర్చుండి మాటలను తూచుట మన భాషకు శుభసూచకము. బ్రౌనుగారి మార్గము తరువాతను వెల్లివిరిసెను. ఆచార్య భద్రిరాజు కృష్ణమూర్తిగారి నాయకత్వమున పల్లెపల్లెకు పోయి కర్షకుల నోటినుండి సేకరించిన వ్యవసాయ పదములతో మాండలిక వృత్తిపదకోశము 1962లో వెలువడెను.

కడపలో బ్రౌనుగారి బంగళా కాలక్రమమున శిథిలమై మొండిగోడలు మిగిలెను. జానమద్ది హనుమచ్ఛాస్త్రిగారు ఆ స్థలమున గ్రంథాలయము వెలయవలెనని పట్టుబట్టి, ఇల్లిల్లు తిరిగి, విరాళములు కూర్చి, దానిని సాధించిరి. నేడు ఆ చోట బ్రౌను గ్రంథాలయమును, యోగివేమన విశ్వవిద్యాలయమునకు చెందిన భాషాపరిశోధన కేంద్రమును కలవు. వేమనను వెలికి తెచ్చినవాని ముంగిటికి వేమన పేరుగల విశ్వవిద్యాలయము వచ్చి చేరుట ఎంత యుచితము! కడపకు పోవు మన విద్యార్థులు ఆ స్థలమును తప్పక దర్శింతురు గాక.

ప్రియ విద్యార్థులారా, బ్రౌనుగారికి మనకంటె గొప్ప యుపకరణము లేమియు లేవు. అడుగుటకు సిగ్గుపడకుండుట, విన్నదానిని వెంటనే వ్రాసికొనుట, ఒకరు చెప్పినదానిని మఱియొకరివలన సరిచూచుట, ఈ మూడే వారి పనిముట్లు. కోస్తావారు నాగలి యనుదానిని మన తాతలు మడక యందురు. గట్టును గెనిమ యందురు. మోటను కపిల యందురు. కరెంటు మోటారు వచ్చినది మొదలు కపిల పోయినది. దానితో దాని త్రాడునకు, తొండమునకు, గిలకకు గల పేళ్లును పోవుచున్నవి. ఆ పేళ్లెఱిగిన వృద్ధులు మన యిండ్లలోనే యున్నారు. తలిదండ్రులకును మా మనవి యిదియే: పిల్లవాడు ఇంటిమాట పలికినపుడు అది మోటుమాట యని కసరకుడు. అది యెక్కడిదో, ఎన్ని దేశములు తిరిగి మన గడప త్రొక్కెనో మీరును ఎఱుగరు. అక్షరములను తాఱుమాఱు చేసి యాడుకొనుడు, వలదనుట లేదు. ఆట ముగిసిన పిమ్మట ఒక చిన్న పుస్తకము తెఱచి, అవ్వ నోట విన్న మాట నొకదానిని, చెప్పినవారి పేరుతోను ఊరితోను వ్రాసికొనుడు. సంవత్సరమునకు మూడువందల అఱువదియైదు మాటలగును. మాట బ్రదికిన జాతి బ్రదుకును.